గొట్టం వద్దన్న కాగితం

కూర్చో వదినా, లేవకు. మన నంబరు అరవై నాలుగు. ఇప్పుడు పిలిచింది నలభై ఒకటి. ఆ కిటికీ వెనకాయన కాఫీకి పోయి ఇప్పుడే వచ్చాడు, మళ్ళీ ఎప్పుడు లేస్తాడో ఆ దేవుడికే తెలియాలి. నువ్విప్పుడు కోపమొచ్చి లేచి పోయావనుకో, ఇంత జనంలో కుర్చీ పోతుంది. నీ మోకాళ్ళతో నిలబడగలవా?

ఏంటా చూపు? అబద్ధం చెప్పి తీసుకొచ్చాను, ఒప్పుకుంటాను. పింఛను కాగితం అన్నాను. మరేమనమంటావ్? "వదినా, నేను చచ్చేటప్పటి సంగతులకు సంతకం పెడుదువుగాని, సఫ్సారీ ముసుగు కప్పుకుని రా" అంటే గడప దాటేదానివా?

మెల్లిగా, మెల్లిగా! మునిసిపాలిటీ ఇది, ఆడవాళ్ళు స్నానాలకి చేరే హమ్మాం కాదు. ఆ మూల కూర్చున్నావిడ మన బేకరీ వాడి అత్తగారు. ఇక్కడ దగ్గితే మధ్యాహ్నానికి మహ్దియా ఊరంతా మనకు క్షయ అంటుంది.

చావు కాగితం కాదే తల్లీ. నేనింకా బతికే ఉన్నానుగా, నీ ఖర్మకొద్దీ. మనిషి చివరికొచ్చినప్పుడు డాక్టర్లు ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు అని ముందే రాసుకున్న కాగితం. అడుగున రెండు సంతకాలు. ఒకటి నాది, ఒకటి నీది. కిటికీ ఆయన మన కార్డులు చూసి, సంతకం మనదేనని ముద్ర కొడతాడు. లోపల ఏం రాసుందో ఆయనకనవసరం. పాత మోపెడ్ అమ్ముకున్నా అదే ముద్ర, నన్ను సాగనంపినా అదే ముద్ర.

మొన్న రంజాన్‌లో ఊపిరితిత్తుల్లోకి నీళ్ళొచ్చి ఆస్పత్రిలో పడ్డానా? నువ్వు నారింజపళ్ళు పట్టుకుని వచ్చావు, పుల్లవి. అప్పుడు చెప్పింది డాక్టరమ్మ ఇబ్తిహాల్. నా గుండె మూడోవంతే పనిచేస్తోందట. "ఇది మళ్ళీ వస్తుంది పిన్నీ. ఎప్పుడని అడక్కు, నాకూ తెలీదు. ఆ రోజు గొంతులో గొట్టం దింపి మిషనుకి పెట్టాల్సి రావచ్చు. పెట్టడం ఒక నిమిషం పని, తియ్యడం అంత తేలిక కాదు. నీకేం కావాలో నోరున్నప్పుడే చెప్పు" అంది.

నోరున్నప్పుడే అట! నాతో!

నవ్వావు. నవ్వావు వదినా, నేను చూశాను, సఫ్సారీ అంచు అడ్డం పెట్టుకున్నా కనిపించింది. నవ్వక ఏం చేస్తావులే. పెళ్ళినాడు హమ్మాంలో అందరి ముందూ అన్నది నువ్వేగా, "మా తమ్ముడికి పెళ్ళాన్ని తెమ్మంటే రేడియో తెచ్చారు" అని. నలభై ఏడేళ్ళయింది. నేను మర్చిపోయాననుకున్నావా?

అదే చెప్తున్నా. ఆ రేడియో గొంతులో గొట్టమేంటి? మా అత్తగారు మూయించలేకపోయింది, మీ తమ్ముడు మూయించలేకపోయాడు, నువ్వు ఇన్నేళ్ళు తిప్పలుపడ్డావు. ఎవడో ఇరవై ఆరేళ్ళ కుర్ర డాక్టరొచ్చి ఒక్క గొట్టంతో మూసేస్తే నా పరువేం కాను?

అదీగాక దేవుడొక్కడేనని కలిమా ఎలా చెప్పేది? ఆఖరి మాట అదేగా అందరం కోరుకునేది. నేనైతే దానికి ముందు ఇంకో నాలుగు మాటలు కూడా చెప్పాలనుకుంటున్నాను, కొన్ని నీ గురించే. నోట్లో ప్లాస్టిక్కు పెట్టుకుని ఏం చెప్తాను?

నలభై ఎనిమిది. చూశావా, కదులుతోంది.

కాగితంలో పెద్దగా ఏమీ లేదు. సూదిమందు ఇవ్వొచ్చు. ముక్కు మీద మాస్కు పెట్టొచ్చు, తీసి మాట్లాడొచ్చుగా, అందుకని. రెండు రోజులుంచి ఒళ్ళు కుదుటపడితే పంపించేస్తామంటే ఉంటాను, నేనేం మొండిదాన్ని కాదు. ఇక లాభం లేదన్నాక మాత్రం గొట్టం వద్దు, మిషను వద్దు, ఛాతీ మీద గుద్దుడు వద్దు. ఇంటికి తెచ్చెయ్యండి. సముద్రం వైపు కిటికీ తెరిచి, ఆ మంచం మీద పడుకోబెట్టండి. అక్కణ్ణుంచి శ్మశానం కూడా కనిపిస్తుంది, దారి తప్పే పని లేదు.

మన ఊళ్ళో ఎవరినైనా అంతేగా చేసేది? ఊపిరుండగానే ఆస్పత్రి నుంచి సంతకం పెట్టి తెచ్చుకుంటాం, సొంత మంచం మీద, మనవాళ్ళ మధ్య పోనిస్తాం. నేను కొత్తగా కోరిందేముంది?

పాపమంటావా? ఇమాంగారిని అడిగాకే రాయించాను. నన్నంత తేలిగ్గా తీసిపారెయ్యకు. "ఆయుష్షు దేవుడిచ్చింది, గొట్టం ఆస్పత్రి ఇచ్చింది. పని చెయ్యని వైద్యం వద్దనడం ప్రాణం తీసుకోవడం కాదమ్మా" అన్నాడు. అని, ఇంకో అరగంట నా మాటలు విని, నమాజుకి టైమైందని పారిపోయాడు. అప్పటికి టైమవ్వలేదు.

ఇందులో ఒక చిక్కుంది. మన చట్టంలో ఇలాంటి కాగితమే లేదట. డాక్టరమ్మే చెప్పింది. "అయినా రాసుకో పిన్నీ. వరండాలో కొడుకొక మాట, కూతురొక మాట అంటూ కొట్టుకుంటుంటే మేం చెయ్యకూడనివన్నీ చేసేస్తాం. ముద్రున్న కాగితం పట్టుకుని, ఇదీ ఆవిడ మాట అని గట్టిగా నిలబడే మనిషి ఒక్కరుంటే ఆ మాట వింటాం" అంది. అంటే కాగితం కాదు వదినా ముఖ్యం. పట్టుకుని నిలబడే మనిషి.

నా లసాద్ నిలబడతాడా? చెప్పు. పిల్లి చచ్చిపోతే మూడురోజులు పెయింట్ల కొట్టు మూసుకున్నాడు వాడు. నాకు సూది గుచ్చుతుంటే వాడు కళ్ళు తిరిగి పడ్డాడు, నర్సులు నన్నొదిలేసి వాడి మొహాన నీళ్ళు చల్లారు. ఇంక నైలా! అది నన్ను చావనిస్తుందా? స్ఫాక్స్‌లో ఒక డాక్టరున్నాడంటుంది, ట్యూనిస్‌లో ఇంకొకడంటుంది. నన్ను గొట్టాలతో సహా దేశమంతా తిప్పుతుంది. పిల్లలు బంగారం, ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. కానీ ఇద్దరికీ నేనంటే ప్రాణం. ఆ ప్రాణమే నా ప్రాణానికొచ్చింది.

అందుకే నువ్వు.

ఎందుకా? నిజం చెప్పనా? నువ్వు నన్ను ప్రేమించవు కాబట్టి.

అయ్యో, కోపమెందుకు, పొగుడుతుంటే! నలభై ఏడేళ్ళలో నా కుస్కుస్ ఒక్కసారి బాగుందన్నావా? "గింజ విడివడింది, ఏదో తినొచ్చు" అన్నావు, అదీ లసాద్ సున్తీ పండక్కి. నా కర్టెన్లు చూసి ఆస్పత్రిలా ఉందన్నావు. నైలా పుడితే, "ముక్కు వాళ్ళమ్మదే, పాపం" అన్నావు. అత్తగారి రాగి కుస్కుస్ గిన్నె నా వంటింట్లో ఉందని ప్రతి రంజాన్‌కీ ముందు వచ్చి, కళాయి వేయించానా లేదా అని దాన్ని తిప్పి తిప్పి చూసి పోతావు. నీలాంటి మనిషి దొరకాలంటే పెట్టి పుట్టాలి! డాక్టరొచ్చి "ఏం చెయ్యమంటారు?" అంటే నువ్వు కళ్ళు తుడుచుకోవు. కాగితం తీస్తావు. "ఇక్కడ రాసుంది, గొట్టం వద్దంది" అంటావు. అని ఇంటికి పోయి కడుపునిండా అన్నం తింటావు.

ఆ గిన్నె నీకే. రాశాను కూడా, చివర్లో చూడు. నేను ఎంత తొందరగా వెళితే అంత తొందరగా నీ ఇంటికొస్తుంది. ఇంతకంటే మంచి బేరం ఎవరిస్తారు?

యాభై మూడు.

ఏది, కాగితం చూస్తావా? చూడు. ఇది రెండోది. మొదటిది చూసుంటే నీ పళ్ళసెట్టు ఊడిపడేది. కోర్టు పక్కన టైపు మిషను పెట్టుకుని కూర్చుంటాడే, మొంజీ, కాగితాలు రాసిపెట్టే ఆయన, ఆయన దగ్గరికి పోయాను. నలభై ఏళ్ళుగా మోపెడ్లూ కార్లూ అమ్ముకునే కాగితాలే రాశాడు. నేను చెప్పిందంతా తలూపుతూ విన్నాడు. విని, "పేరు మారుతోందిగా, ఇదే ఫారం సరిపోతుంది" అని టకటకా కొట్టేశాడు.

ఇంటికి తెచ్చి, కళ్ళజోడు పెట్టుకుని చదివాను. "బేయా అనే సదరు వాహనాన్ని, తయారైన సంవత్సరం యాభై ఆరు, దాని లోపాలన్నీ చూసుకుని, తృప్తిపడి, ఉన్నది ఉన్నట్టుగా మన్నూబియా గారికి అప్పగించడమైనది. ఇకమీదట ఇంజను గురించి ఏ ఫిర్యాదులూ చెల్లవు." ఛాసిస్ నంబరు దగ్గర నా కార్డు నంబరు వేశాడు! రంగు దగ్గర ఏం రాశాడో చెప్పనా? తెలుపు, అక్కడక్కడా వెలిసింది.

నవ్వు, నవ్వు! గట్టిగానే నవ్వు, ఆ బేకరీ అత్తగారు చూస్తే చూడనీ. ఎన్నేళ్ళయిందో నువ్విలా నవ్వి. మీ తమ్ముడు పోయాక ఇదే మొదలనుకుంటా.

తర్వాత డాక్టరమ్మ తనే కూర్చుని సరిగా చెప్పి రాయించింది. నేను మాత్రం ఒక్క ముక్క అలాగే ఉంచమన్నాను. ఇదిగో, అడుగున. "ఇకమీదట ఏ ఫిర్యాదులూ చెల్లవు." నీ పేరు పక్కనే. నా పిల్లలు నీ మీదికి రాకుండా.

ఏమైంది?

వదినా? ఏమైందే? ఇప్పటిదాకా నవ్వావుగా.

ఏడుస్తున్నావా? అయ్యో, అయ్యో, ఇదేం అన్యాయం! నీ పగ చూసుకునేగా నేనింత ధైర్యం చేసింది. నువ్వు కూడా ఏడిస్తే ఇంక నాకెవరున్నారు? ఇదిగో రుమాలు. అది కాదు, ఇది, అది నా చెమటది.

ఏమన్నావ్? మళ్ళీ చెప్పు.

"నా తమ్ముణ్ణి ఆస్పత్రిలో పంతొమ్మిది రోజులు కంటికి రెప్పలా కాచుకున్నదానివి. నీకొస్తే నేను వదిలెయ్యమని ఎలా చెప్తాను?" అంటావా?

నువ్వా మాట అనకూడదు వదినా. నలభయ్యో రోజు భోజనాలప్పుడు కూడా అన్నావు, ఊరంతా వింటుండగా. "మా తీజానీని చివరిదాకా వదల్లేదు, ఆడదంటే అది" అని. ఇన్నేళ్ళలో నువ్వు నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. నాలుగేళ్ళుగా ఆ మాట నా గొంతులో చేపముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను.

ఎంత, యాభై తొమ్మిదా? సరే. సరిపోతుంది.

విను. మధ్యలో ఆపకు, ఆపితే మళ్ళీ చెప్పలేను. నేను చెప్పలేకపోవడమేంటని నవ్వకు.

ఆరో రోజు. పొద్దున. ఒళ్ళు తుడవడానికి నర్సు ఆయన చేతుల కట్లు విప్పింది. గొట్టం లాగేసుకుంటాడని కట్టేవాళ్ళుగా. నీళ్ళు మార్చుకురావడానికి ఆ పిల్ల అవతలికి పోయింది. గదిలో నేనూ ఆయనా. ఆయన కళ్ళు తెరిచాడు. మత్తులో కాదు, బాగా తెరిచాడు, నన్ను గుర్తుపట్టాడు. కుడిచెయ్యి మెల్లిగా పైకెత్తాడు. చూపుడువేలు నిలబెట్టాడు.

తెలుసుగా, నోట మాట రానివాళ్ళు కలిమా ఎలా చెప్తారో. అలాగ.

తర్వాత అదే వేలితో గొట్టాన్ని చూపించాడు. తలుపు చూపించాడు. మళ్ళీ పైకెత్తాడు. చంటిపిల్లకైనా అర్థమవుతుంది వదినా. ఇది తీసెయ్, ఇంటికి తీసుకుపో, నేను చెప్పుకోవాల్సింది చెప్పేసుకున్నాను అని.

నేనేం చేశానో తెలుసా? ఆ వేలు పట్టుకుని మడిచేశాను. నా గుప్పిట్లో పెట్టి బిగించాను, నర్సు వస్తే చూస్తుందేమోనని. ఆయన మళ్ళీ ఎత్తబోయాడు. వేలు కదులుతున్నట్టు నా చేతికి తెలుస్తూనే ఉంది. నేను వదల్లేదు. నర్సు వచ్చి మళ్ళీ కట్టేసింది.

సాయంత్రం పెద్ద డాక్టరు అడిగాడు. "ఇలాంటిదొస్తే ఏం చెయ్యాలో ఆయనెప్పుడైనా చెప్పాడా అమ్మా?" అని. చెప్పాడు వదినా! వందసార్లు చెప్పాడు. పడవ ఇంజన్లు బాగుచేసి చేసి, ఆ నూనె చేతులతోనే అన్నానికి కూర్చుని చెప్పేవాడు. "ఇంజను పట్టేశాక సెల్ఫు కొడుతూ కూర్చోకూడదు బేయా" అని. నేను డాక్టరుతో, "ఏమేం ఉన్నాయో అన్నీ చెయ్యమన్నాడండీ" అన్నాను.

నువ్వు వరండాలో నా రెండు చేతులూ పట్టుకున్నావు, "మనింటికి తీసుకుపోదామే, వాడి మంచం మీద పోనీ" అని. నేను "డాక్టర్లు ఒప్పుకోవట్లేదు వదినా" అన్నాను. నువ్వు నాలుగేళ్ళుగా ఆ డాక్టర్లను తిడుతున్నావు. ఏ డాక్టరూ కాదనలేదు. వాళ్ళు రెండుసార్లు అడిగారు కూడా. నేనే.

ఇంకో పదమూడు రోజులున్నాడు, అలా.

ఎందుకంటావా? ప్రేమ అని చెప్పుకుంటే బాగుంటుంది. కొంచెం అదీ ఉందేమో. కానీ అసలు సంగతి అది కాదు. నేను పొద్దస్తమానం వాగుతుంటే విన్న మనిషి ప్రపంచంలో ఆయనొక్కడే. పిల్లలు వినరు, నువ్వు వినవు. ఆయన పోతే ఆ ఇంట్లో నేనెవరితో మాట్లాడను? అందుకని ఆయన్ని అక్కడే పడుకోబెట్టి, పంతొమ్మిది రోజులూ పక్కన కూర్చుని మాట్లాడాను. ఉల్లిపాయలెంత అయ్యాయో చెప్పాను. నీ మీద చాడీలు చెప్పాను. పాపం, జవాబు చెప్పడానికి లేదు, లేచిపోవడానికి లేదు.

అదీ సంగతి. ఇప్పుడు నా వైపు చూడు. తల తిప్పుకోకు.

కోపమొచ్చిందా? హమ్మయ్య. రావాలి. ఎంతొస్తే అంత మంచిది. ప్రేమించేవాళ్ళు ఏం చేస్తారో ఇప్పుడు తెలిసిందిగా నీకు? నా లసాద్, నా నైలా, ఆ పని చెయ్యకూడదు. చేసి, తర్వాత నాలాగ ఈ ముల్లు మోసుకుని తిరగకూడదు. అందుకే నిన్ను పట్టుకొచ్చాను. ఇంతకు ముందు నేనంటే చిరాకే ఉండేది, అది చాలదేమోనని భయమేసింది. ఇప్పుడు సరిపోతుంది. ఆ కోపం చల్లారకముందే సంతకం పెట్టెయ్.

ఏదో ఒకటి అనవే. తిట్టు. మీ అమ్మ తిట్టినట్టు తిట్టు, నేను పడతాను.

అరవై నాలుగు! వస్తున్నాం, వస్తున్నాం బాబూ. ముసలివాళ్ళం, మోకాళ్ళు లేవాలిగా.

వదినా? అటు వీధి. కిటికీ ఇటు. నీ ఇష్టం.

ఆ. ఇటు.

ఇదిగో నాయనా, ఈవిడ మా పెద్దాడపడుచు. ఇది ఆవిడ కార్డు, ఇది నాది. ఫొటో పాతది, అప్పుడు నేను బాగుండేదాన్ని. చదువుకోనివ్వమంటావా? అక్కర్లేదు బాబూ, అంతా చెప్పాను, అవసరమైనదానికంటే ఎక్కువే చెప్పాను. ఇక్కడ వదినా, గీత మీద. మెల్లిగా, మెల్లిగా, కాగితం చిరుగుతుంది!

చూశావా, చెయ్యి వణకనే లేదు. ఇందుకే నిన్ను తెచ్చుకుంది.

ఇప్పుడు నేను. ఏదీ ఆ పెన్ను?

వదినా. అది నా వేలు. పెన్ను కాదు, నా చూపుడువేలు పట్టుకున్నావు నువ్వు.

వదులు, నొప్పెడుతోంది. ఇదేం పట్టే, డెబ్భై నాలుగేళ్ళ మనిషికి! నేనూ అచ్చం ఇలాగే పట్టుకున్నాను, ఇంతే గట్టిగా. ఏడవకు, జనం చూస్తున్నారు. అయ్యో, పగ ఉంది కదా అని నిన్ను నమ్ముకున్నానే, చివరికి నువ్వూ ఇంతేనా?

ఒక్క నిమిషం నాయనా, పెడతాను. ముందు ఈవిణ్ణి నా వేలు వదలమను.